జోంగా కొనే ముందు నాన్నగారిని ఒక్క మాట అడగండి

ప్రశ్న: అన్నగారూ, మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. వయసు 38. ఎరువుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. మా నాన్నగారు మిలిటరీలో డ్రైవరుగా చేసి 1995లో హవల్దారుగా రిటైరయ్యారు. ఆయన నడిపిన బండి జోంగా అనే మిలిటరీ జీపు. నాకు ఆరేడేళ్లప్పుడు క్వార్టర్స్ దగ్గర ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టుకోనిచ్చేవారు. ఆ బండి చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ధోనీ జోంగా కొన్నాడని పేపర్లో చూసినప్పటి నుంచి ఆ కోరిక మళ్లీ మొదలైంది. ఒంగోలు వైపు ఒకాయన దగ్గర ఒకటుంది, ఐదున్నర లక్షలు చెబుతున్నాడు. పాత ఇంజను తీసేసి డీజిల్ ఇంజను వేయించాడట. కాగితాల సంగతి అడిగితే ‘అన్నీ ఉన్నాయి, కొన్ని రావాలి’ అంటున్నాడు. నాన్నగారికి 72 నిండే రోజున ఇంటి ముందు నిలబెట్టి తాళం చేతికివ్వాలని నా ఆశ. మా ఆవిడ ససేమిరా అంటోంది. పిల్లల ఫీజులున్నాయి, గాజులు బ్యాంకులో ఉన్నాయి అంటుంది. వారం నుంచి ఇంట్లో సరిగ్గా మాటల్లేవు. కొనమంటారా?

జవాబు:

తమ్ముడూ, కొనకండి. కానీ జోంగా నడపండి, మీ నాన్నగారి చేత నడిపించండి. నడపడం వేరు, సొంతానికి ఉంచుకోవడం వేరు అని ఇన్నేళ్ల తర్వాత నాకు తెలిసింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీకు ఆ బండి మీద ఎందుకంత ప్రేమో నాకు తెలుసు. జోంగా అనే పేరులోనే దాని పుట్టిల్లు ఉంది. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ అనే మాటల్లోంచి అక్షరాలు ఏరి పెట్టిన పేరది. జపాన్‌లో నిస్సాన్ వాళ్లు చేసిన పాట్రోల్ 60 అనే బండిని లైసెన్సు మీద తెచ్చుకుని, జబల్‌పూర్‌లోని వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా మన సైన్యం కోసం తయారు చేశారు. 3,956 సీసీ పెట్రోలు ఇంజను, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో, సుమారు 110 హార్స్‌పవర్. బయట రోడ్ల మీద 1,489 సీసీ అంబాసిడరే పెద్ద కారుగా చెలామణి అయిన కాలంలో మీ నాన్నగారు తొక్కిన యాక్సిలరేటర్ అది. వాటిలో కొన్ని అంబులెన్సులయ్యాయి, కొన్ని 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్ను మోశాయి. తర్వాత సైన్యం మహీంద్రా జీపుల వైపు మళ్లింది.

నేనొకసారి నడిపాను. రిటైరైన ఒక మేజరుగారి బండి, ఇంజను మార్చనిది. డిసెంబరు పొద్దున, ఊరి బయట చెరువుగట్టు మీద. చోక్ లాగి తాళం తిప్పితే స్టార్టరు రెండు మూడుసార్లు మూలిగి, తర్వాత ఇంజను అందుకుంది. నాలుగు సిలిండర్ల జీపు నిలబడిన చోటే దడదడలాడుతుంది కదా, ఇది అలా కాదు. ఆరూ కలిసి ఒకే గొంతుతో పలుకుతున్నట్టు కింది స్థాయిలో ఒక హుంకారం. బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను, ఆ వణుకు మోచేతి దాకా వచ్చింది. పవర్ స్టీరింగు లేదు. నిలబడిన బండిలో చక్రం తిప్పాలంటే భుజం మొత్తం కదలాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే కాబట్టి ఆగాల్సిన చోటు చాలా ముందుగానే చూసుకోవాలి. ముందూ వెనకా కమాను కట్టలు, గుంతలో పడితే నడుముకి తెలుస్తుంది. ఇన్ని ఉన్నా పై గేరులో పెట్టి మనిషి నడక వేగానికి దించినా ఇంజను మొరాయించకుండా మళ్లీ లాక్కుపోయిందే, అదీ జోంగా. నలభై నిమిషాలు నడిపి దిగాను. రెండు రోజులు భుజాలు నొప్పి. మేజరుగారు మళ్లీ పిలిస్తే ఇప్పుడైనా వెళ్తాను.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట దగ్గరికి వస్తాను. ఒంగోలు బండిలో ఆ ఇంజను లేదు. మీ చెవుల్లో ఉన్న చప్పుడు, మీ నాన్నగారి అరికాలికి తెలిసిన ఆ ఊపు, రెండూ వచ్చింది ఆ ఆరు సిలిండర్ల నుంచే. దాన్ని తీసేసి వేరే బండి డీజిల్ ఇంజను బిగించాక పైన మిగిలింది రేకు డబ్బా. దూరం నుంచి జోంగాలాగే ఉంటుంది. మీ నాన్నగారు తాళం తిప్పిన మరుక్షణం అది తన బండి కాదని ఆయనకు తెలిసిపోతుంది. మీ మనసు నొప్పించకుండా బాగుందంటారు, వీధి చివరిదాకా నడిపి వస్తారు. తర్వాత ఆ బండి షెడ్డులో నిలబడుతుంది. ఐదున్నర లక్షలు పోసి తెచ్చుకునేది ఇదా అని ఒక్కసారి ఆలోచించండి.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ఆర్‌టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఒక ఇంజను నంబరు, బండిలో ఇంకొక నంబరు ఉంటే, ఏదైనా జరగరానిది జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేయడానికి ఆ ఒక్క కారణం చాలు. 1990ల చివర్లో హినో డీజిల్ ఇంజనుతో కొద్దిపాటి జోంగాలు పౌరులకూ అమ్మారు. మీరు చూసింది వాటిలోది అయితే ఆర్‌సీలోనే డీజిల్ అని ఉంటుంది. కానీ ఆయనే ‘వేయించాను’ అంటున్నాడంటే అది కాదు.

సొంతానికి ఉంచుకోవడం ఎలా ఉంటుందో నా అనుభవం చెబుతాను. సైన్యం వేలంలో వచ్చిన పాత జీపు ఒకటి నాలుగేళ్లు నా దగ్గర ఉంది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఏ బండైనా నలభై ఏళ్లు దాటాక ఒకేలా ప్రవర్తిస్తుంది. మొదటి ఆర్నెల్లు పండగ. పక్కింటి పిల్లలందరినీ ఎక్కించుకుని కాలవగట్టు మీద తిప్పాను. ఏడో నెలలో ఒక పొద్దున చూస్తే వెనక ఎడమ చక్రం కింద తడి. వేలితో తీసి వాసన చూస్తే బ్రేక్ ఆయిలు. వీల్ సిలిండర్ రబ్బరు పోయింది. నాలుగు ఊళ్లు తిరిగినా ఆ సైజు కిట్ దొరకలేదు. తెలిసిన లారీ డ్రైవరు ఒకాయన ఢిల్లీ మాయాపురి పాత సామాన్ల బజారు నుంచి తెచ్చిచ్చేసరికి రెండున్నర నెలలు పట్టింది. ఆ రెండున్నర నెలలు బండి కదలకపోయేసరికి బ్యాటరీ పోయింది, కార్బురేటర్‌లో పెట్రోలు జిగురైంది, ఎలుకలు వైరింగు కొరికాయి. ఒకటి బాగుచేస్తే రెండు చెడేవి. పాత కార్బురేటర్ సంగతి తెలిసిన మిస్త్రీ ఒక్కడుండేవాడు, ఆయనకు చూపు మందగించి పని మానేశాక నాకు దిక్కు లేకుండా పోయింది. నాలుగో ఏడు మొత్తంలో ఆ బండి నేను నడిపింది 19 రోజులు. గోడ మీద క్యాలెండర్లో గీతలు పెట్టేవాణ్ణి కాబట్టి లెక్క తెలుసు. మిగిలిన రోజులన్నీ దాని గురించి బెంగ.

చివరికి అమ్మేశాను. అమ్మిన రోజు రాత్రి అన్నం సహించలేదు. కొన్నాయన మంచివాడు. సొంత వర్క్‌షాపు ఉంది, చేతిలో పని ఉంది, చోటు ఉంది. ఏటా సంక్రాంతికి కబురు చేస్తాడు. భోగి తెల్లవారుజామున వెళ్లి, ట్యాంకు నింపి, ఆ బండిని రెండు గంటలు నడిపి తాళం ఇచ్చేసి వస్తాను. నా దగ్గరున్న నాలుగేళ్లలో ఎన్నడూ లేని హాయి ఈ రెండు గంటల్లో ఉంది. ఎందుకంటే ఎక్కడ ఏం కారుతోందో అని వింటూ నడపక్కర్లేదు, దారి చూస్తూ నడుపుతాను.

ప్రపంచంలో ఇలాంటి బండ్లు కొన్ని ఉన్నాయి. ప్రాణం పెట్టి నడపాలనిపిస్తుంది, ఇంటికి మాత్రం తెచ్చుకోకూడదు. గోదావరి ఒడ్డున పెరిగినవాణ్ణి కాబట్టి నా మనసు ఎప్పుడూ యాంఫీకార్ మీద ఉంటుంది. 1960ల్లో జర్మనీలో చేసిన కారు, రోడ్డు మీద నడిచి అలాగే నీళ్లలోకి దిగిపోతుంది. వెనక రెండు ప్రొపెల్లర్లు, ముందు చక్రాలే చుక్కాని. లోపలున్నది బ్రిటన్ ట్రయంఫ్ హెరాల్డ్ ఇంజను, మద్రాసులో తయారైన మన స్టాండర్డ్ హెరాల్డ్‌కి దగ్గర చుట్టం. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సస్‌లోని తన పొలంలో అతిథులను అందులో ఎక్కించుకుని, బ్రేకులు పోయాయని అరుస్తూ చెరువులోకి దించేవాడట. కొవ్వూరు రేవులో దిగి రాజమండ్రి పుష్కరఘాట్‌లో గట్టెక్కాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. కానీ ఆ కారును నీళ్లలో తిప్పితే 13 చోట్ల గ్రీజు పెట్టాలి. వాటిలో ఒకచోటికి చెయ్యి వెళ్లాలంటే వెనక సీటు ఊడదీయాలి. తలుపు రబ్బర్లు వదులైతే లోపలికొచ్చిన నీళ్లను పంపు తోడుతూనే ఉండాలి. ఆ చాకిరీ నా వల్ల కాదు.

రాజ్‌దూత్ 350 కూడా అంతే. యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి ఇక్కడ చేశారు. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 347 సీసీ, ఆరు గేర్లు. ఇంజను అందుకున్నాక ముందు చక్రం తేలిపోతుంది, ఆపడానికేమో డ్రమ్ము బ్రేకులు. బుల్లెట్టు బండిలోనే డీజిల్ది ఒకటొచ్చింది, టారస్ అని. 325 సీసీకి ఆరున్నర హార్స్‌పవర్. లీటరుకి 70 కిలోమీటర్లు ఇస్తుందని పాలవాళ్లూ రైతులూ ఇష్టపడ్డారు. 65 వేగం దాటించాలంటే దారి పల్లంగా ఉండాలి. రెండూ ఒక్కో సాయంత్రం నడిపితే జన్మంతా చెప్పుకోవచ్చు.

హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి. కె. సుధాకర్ యాదవ్ గారు తుక్కుతో చేసిన కార్లు. క్రికెట్ బ్యాటు, కప్పూ సాసరు, వంకాయ ఆకారాల్లో ఉంటాయి, ఇంజన్లున్నాయి, నడుస్తాయి కూడా. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు 41 అడుగుల 7 అంగుళాల ఎత్తుతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అది చూసి నడపాలని ముచ్చటపడని పిల్లాడుండడు. దానికి మన ఇంట్లో చోటెక్కడ?

ఇప్పుడు చెల్లెమ్మ సంగతి. ఆవిడ అన్నదాంట్లో మీ నాన్నగారి మీద కోపం నాకెక్కడా కనిపించలేదు. గాజులు బ్యాంకులో ఉన్నాయన్నది నిజం, ఫీజులున్నాయన్నది నిజం. మీరు చెప్పని ఖర్చులు నేను చెబుతాను. జోంగా పెట్రోలుది అయితే లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు. మీ ఊరి నుంచి మారేడుమిల్లి వెళ్లి రావాలంటే 250 కిలోమీటర్ల పైమాటే. అంటే 50 లీటర్లు, ఐదున్నర వేలు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్బురేటర్ రబ్బర్లూ గొట్టాలూ దానికి తట్టుకునేలా చేసినవి కావు, మార్చుకుంటూ ఉండాలి. 20 ఏళ్లు దాటిన కారు వర్గం బండికి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే 2025 ఆగస్టు నుంచి ఫీజే 10,000. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పన్ను వేరే. ఇవన్నీ ఆవిడ లెక్క కట్టి చెప్పలేదేమో కానీ ఆవిడకు తోచింది సరైనదే. ఈ రాత్రికే వెళ్లి, బేరం మానేశానని చెప్పండి. తర్వాత మీ చిన్నప్పటి జోంగా కథ మొదటి నుంచి చెప్పండి. ఆ ఒళ్లో కూర్చున్న సంగతి ఆవిడకు మీరెప్పుడైనా చెప్పారా? నాకైతే చెప్పలేదనే అనిపిస్తోంది.

తర్వాత నాన్నగారి దగ్గర కూర్చోండి. బండి ఊసెత్తకుండా, ఏ యూనిట్లో నడిపారు, ఏ రోడ్ల మీద నడిపారు, ఏ బండంటే ఇష్టం అని అడగండి. మీరు ఆయన కోసం అనుకుంటున్న కోరిక ఆయనకు ఉందో లేదో తెలియాలి కదా. ఏళ్ల తరబడి బండి కింద పడుకుని గ్రీజు పూసుకున్న మనిషికి మళ్లీ దాని సంరక్షణ అప్పగించడం కానుక అవుతుందా అన్నది కూడా ఆయన మాటల్లోనే తెలుస్తుంది. ఒక్కసారి నడిపితే బాగుండు అంటే మాత్రం వదలకండి.

దానికి దారి ఉంది. మీకు కూతవేటు దూరంలోనే మిలిటరీ మాధవరం ఉంది. ఇంటికొక సైనికుడున్న ఊరు. ఆ ఊళ్లో నలుగురు పాత ఫౌజీలను అడిగితే, ఇంజను మార్చని జోంగా ఎవరి దగ్గరుందో కబురు దొరక్కపోదు. అక్కడ కాకపోతే విశాఖ, హైదరాబాద్ వైపు పాత జీపుల వాళ్లుంటారు, ఆదివారాలు కలుస్తారు. వాళ్ల దగ్గరికి వెళ్లి మొదటి రోజే తాళం అడగకండి. రెండు మూడు ఆదివారాలు వెళ్లండి, స్పానరు అందించండి, బండి తోయాల్సొస్తే తోయండి. పాత బండి ఉన్నవాడికి వినేవాళ్లంటే ప్రాణం. మీ నాన్నగారి కథ చెబితే వాళ్లే తాళం చేతిలో పెడతారు. అద్దె మాట మాత్రం ఎత్తకండి. తెల్ల బోర్డు బండిని డబ్బుకిస్తే పర్మిట్టు చిక్కు, ఇన్సూరెన్సు చిక్కు, ఇచ్చినాయనకే తంటా. ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించండి, బండి కడిగి ఇవ్వండి, పూతరేకులు పట్టుకెళ్లండి.

నడిపే చోటు హైవే వద్దు. ఖాళీ మైదానమో, పొద్దున్నే జనం లేని పల్లెదారో చూసుకోండి. ఆ బ్రేకులూ స్టీరింగూ 72 ఏళ్ల మోకాళ్లకూ భుజాలకూ బరువు. ముందు పక్కన ఆ బండి యజమాని కూర్చోవాలి, చెయ్యి హ్యాండ్‌బ్రేకు దగ్గర ఉండాలి. మీరు వెనక కూర్చోండి, మీ పిల్లల్ని కూడా వెనకే కూర్చోబెట్టుకోండి. తాత గేరు మార్చే చెయ్యి వాళ్లకు కనపడాలి.

ఇంత చెప్పినా, ఏ రెండేళ్లకో గాజులు ఇంటికొచ్చాక, చోటు కుదిరాక కొనాలనే అనిపిస్తే ఈ మాత్రం చూసుకోండి. సైన్యం నుంచి బయటికొచ్చిన బండిని పౌర నంబరు మీద రిజిస్టరు చేయాలంటే, సంబంధిత అధికారులు ఇచ్చిన అసలు అమ్మకపు పత్రం, అంటే ఫారం 21 ఉండాలి. ఆర్‌సీ ఆ అమ్మేవాడి పేరు మీదే ఉండాలి. ఛాసిస్ నంబరు మీరే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చూసుకోండి. ‘కాగితాలు కొన్ని రావాలి’ అన్న బండి వైపు మళ్లీ చూడకండి. 50 ఏళ్లు దాటిన బండి అయితే 2021 నాటి వింటేజ్ నిబంధనల కింద వీఏ అక్షరాలున్న నంబరు ప్లేటు తీసుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు. అయితే ఆ ప్లేటుతో రోజూ రోడ్డెక్కడానికి లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలు కొట్టించుకోవడానికో మాత్రమే.

అన్నింటికంటే ముందు ఇంకొకటి. 55 దాటి లైసెన్సు రెన్యూవల్ చేయించుకుంటే ఐదేళ్లే చెల్లుతుంది, దానికి డాక్టరు సర్టిఫికెట్టు కూడా పెట్టాలి. రిటైరయ్యాక ఆయన అసలు రెన్యూవల్ చేయించారో లేదో. రేపు పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు ఆ కార్డు అడిగి తీసుకుని, దాని మీది తేదీ చూడండి.